దస్తగిరి తాగిన కషాయం

దస్తగిరికి కొన్నాళ్లుగా ఒకటే దిగులు. పీరన్నకు మీసం వస్తోంది.

మీసం వస్తే దిగులెందుకంటారా? ఇబ్రహీం బాబాగారి దవాఖానాలో పద్ధతి అలాంటిది మరి. కొండకింద దర్గా పక్కనే ఉండేది ఆ దవాఖానా. ఇవతలి వసారాలో పిల్లలకు బాబాగారే వైద్యం చేసేవారు. వాకిలి దాటితే పెద్దల వసారా, అక్కడ కరీం హకీంగారు. పిల్లవాడికి మీసం కనిపించిందా, ఇక వాకిలి దాటాల్సిందే.

పీరన్నకు పుట్టుకతోనే కాళ్లూ చేతులూ వంకర్లు పోయాయి. నడక లేదు. మాట ఉంది గానీ, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య మనం వెళ్లి భోంచేసి రావచ్చు. బుర్ర మాత్రం మహా చురుకు. బాబాగారి శిష్యుడు దస్తగిరి వాణ్ని పసితనం నుంచీ వీపున వేసుకొని తిరిగాడు. తినిపించాడు, స్నానం చేయించాడు, వాడి బదులు మాట్లాడాడు. మావాడి మనసులో ఏముందో వాడికంటే నాకే బాగా తెలుసని కాస్త గర్వం కూడా ఉండేది, దాచడం ఎందుకు!

కరీం హకీంగారిని తలచుకుంటేనే దస్తగిరి గుండెల్లో రాయి పడేది. ఆయన మంచివాడే, కానీ తొందర మనిషి. వీడి మాట అర్థంకాక ఏదో ఒక మందు పోసి, అది వికటిస్తేనో? అందుకని దస్తగిరి ఒక ఉపాయం పన్నాడు. రోజూ తెల్లారేసరికి మంగలికత్తి పట్టుకొని పీరన్న మీసం గీసేసేవాడు.

ఒకనాడు బాబాగారు పీరన్న గడ్డం పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశారు. పైపెదవి మీద గాటు.

"ఏరా దస్తగిరీ, పాలుతాగే పసివాడికి ఈ గాటు ఎలా పడిందిరా?"

"పిల్లి గీరింది బాబా."

"సరిగ్గా మీసం మీదే గీరిందా? తెలివైన పిల్లే! దాన్ని కూడా తీసుకురా, అందరం కలిసి వాకిలి దాటుదాం."

దస్తగిరి ప్రాణం ఉసూరుమంది. పీరన్న చెయ్యి పట్టి లాగి వీపున ఎక్కించుకున్నాడు. చంకలో తేనెజాడీ ఇరికించుకున్నాడు. పిల్లల వసారాలో ప్రతి మందూ తేనెలో రంగరించే ఇస్తారు, అవతల అది దొరుకుతుందో లేదోనని.

హకీంగారు పీరన్న నాడి పట్టుకొని, "ఏం నాయనా, ఎక్కడ నొప్పి?" అన్నారు.

పీరన్న నోరు తెరిచాడు. "నా..."

"కడుపులోనండీ," అన్నాడు దస్తగిరి.

"నిద్ర పడుతోందా?"

"ప..."

"ఎక్కడండీ! కడుపు నొప్పెడుతుంటే నిద్రెలా పడుతుంది? వీడికి చేదు పడదు, తేనెలో ఇవ్వాలి. ఏం కావాలన్నా నన్నడగండి, నేను చెబుతాను."

హకీంగారు బాబాగారి వైపు చూశారు. "కడుపునొప్పికి ఏదుంటే అదే ఇవ్వండి," అన్నారు బాబాగారు.

గిన్నెడు నేలవేము కషాయం వచ్చింది, కటిక చేదు. పీరన్న నోటిదాకా వెళ్తున్న గిన్నెను బాబాగారు మధ్యలో అందుకొని దస్తగిరి చేతిలో పెట్టారు.

"తాగు."

"నేనా? నాకేం రోగం బాబా?"

"నొప్పి చెప్పింది నువ్వే కదా."

గురువుగారి మాట కాదనలేక గడగడా తాగేశాడు. అమ్మో, ఆ మొహం చూడాలి! కళ్లనీళ్లు పెట్టుకొని తేనెజాడీ కోసం చెయ్యి చాపాడు. బాబాగారు జాడీని తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. దస్తగిరికి నాలుక మొద్దుబారి మాట పెగల్లేదు.

"ఇప్పుడు అడగండి," అన్నారు బాబాగారు.

హకీంగారు మళ్లీ అడిగారు. పీరన్న మళ్లీ మొదలుపెట్టాడు. హకీంగారు లేవబోయి, బాబాగారిని చూసి కూర్చున్నారు. దస్తగిరి తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"కడుపు... కాదు. భుజం."

"ఎప్పటినుంచి?"

"చాలా... రోజులు."

"మరి చెప్పలేదేం నాయనా?"

పీరన్న దస్తగిరిని చూసి నవ్వాడు. "నేను... మొదలుపెడతా. అన్న... పూర్తి చేస్తాడు."

హకీంగారు భుజం తడిమి చూశారు. నూనె కాచి రాయమన్నారు. "వీపున ఎక్కించుకునేటప్పుడు చెయ్యి పట్టి లాగొద్దు, కీలు కదిలిపోతోంది," అని దస్తగిరికి చెప్పారు. ఇన్నాళ్లూ ఆ చెయ్యి పట్టి లాగింది తనే.

"ఇంకోటి..." అన్నాడు పీరన్న. అందరూ మళ్లీ ఆగారు. "తేనె... వద్దు. వెగటు."

దస్తగిరికి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు.

తిరిగి వస్తూ, "అయితే ఇకమీదట నేను వాడితో రాకూడదా బాబా?" అని బిక్కమొహం వేసి అడిగాడు.

"ఎందుకు రాకూడదూ? వీపు తెచ్చుకో. నోరు ఇంట్లో పెట్టి రా."

నోరు ఇంట్లో పెట్టి రావడం ఎలాగో దస్తగిరికి రాత్రంతా తోచలేదు. మర్నాడు పీరన్నను చంకల కింద పట్టి జాగ్రత్తగా ఎత్తుకొని పెద్దల వసారాకు వచ్చాడు. పీరన్న ముఖాన మీసం నల్లగా తొంగిచూస్తోంది. హకీంగారు "భుజం ఎలా ఉంది నాయనా?" అనగానే, దస్తగిరి గబగబా వెళ్లి, ఎవరూ చెప్పకుండానే నేలవేము కషాయం ఒక గుక్క నోట్లో పోసుకొని, మింగకుండా పెదవులు బిగించి కూర్చున్నాడు.

పీరన్న అది చూశాడు. ఆ రోజు వాడు కావాలనే ఇంకాస్త నిదానంగా చెప్పాడు.