కడబంతి

కొండెక్కి ఆశ్రమానికి వచ్చిన రోజున ఓబులేసు దగ్గర నూట పది రూపాయలున్నాయి. గుడ్డసంచిలో పెట్టి నడుముకు కట్టుకున్నాడు. ఆ డబ్బుతో ఏం చేయాలో దారిలోనే లెక్క వేసుకున్నాడు. రెండు గుండిగలు, నాలుగు గరిటెలు, ఒక తెడ్డు. అద్దెకు కాదు, సొంతానికి. ఏడాది తిరిగేలోపు పెళ్ళిళ్ళకు వండే జట్టు ఒకటి. మరుసటి ఏటికి రెండు. వంట ఒక్కటి వస్తే చాలు, మిగతాదంతా లెక్కే.

వంట నేర్చుకోవాలంటే ఆ చుట్టుపక్కల బయ్యన్న స్వామి ఆశ్రమాన్ని మించిన చోటు లేదు. నల్లమల అంచున, నరసింహస్వామి గుడి పక్కన ఉంటుంది. కొండెక్కి వచ్చినవాళ్ళు ఎవరైనా అన్నం తినే దిగాలి. రైతులు బళ్ళ మీద బియ్యం, పప్పు తెచ్చి పడేసి పోతారు. స్వామికి శిష్యులున్నారు గానీ వాళ్ళకు ఆయన వేదాంతమేమీ చెప్పడు. నీళ్ళు మోయమంటాడు, పొయ్యి ముట్టించమంటాడు.

ఓబులేసును కూడా ఎక్కువ అడగలేదు.

"ఏం నేర్చుకోవల్ల నాయనా?"

"వెయ్యిమందికి వండడం స్వామీ."

"ఒకరికి వండడం వచ్చునా?"

"వచ్చు. దాన్ని వెయ్యితో హెచ్చవేస్తే సరిపోతుంది గదా."

స్వామి పెద్దగా నవ్వి కట్టెల కుప్ప చూపించాడు.

ఓబులేసు కట్టెలు కొట్టాడు, బియ్యం చెరిగాడు, గోంగూర వలిచాడు. ఏ పని చూసినా ఇట్టే పట్టేశాడు. మెట్ల మీద జనాన్ని చూసి ఎన్ని శేర్లు పోయాలో చెప్పేవాడు. మిగిలేదీ ఉండదు, చాలకపోయేదీ ఉండదు. వంటశాల పెద్ద మద్దిలేటి, స్వామి దగ్గర జుట్టు నెరిసినవాడు, అందరికీ వినపడేట్టు అనేవాడు, మావాడు మెతుకులు లెక్కపెట్టి గంజి వారుస్తాడని. ఓబులేసుకు అది మెప్పులాగే వినపడేది.

అక్కడ ఒక కట్టుబాటుంది. దేవుడికి ఆరగింపు కాకముందు వంట రుచి చూడకూడదు, వాసన కూడా పీల్చకూడదు. ఉప్పు వేసేది చేతి కొలత మీదే. మిగతావాళ్ళు దానికి జడిసేవాళ్ళు. ఓబులేసుకు అదే నచ్చింది. ఇన్ని శేర్ల పప్పుకు ఇన్ని గుప్పెళ్ళు అని కొలత కుదుర్చుకున్నాడు. అది తప్పేది కాదు.

అతని కన్నంతా వైశాఖంలో వచ్చే తిరునాళ్ళ మీద ఉంది. ఆ రోజు పెద్ద గరిటె ఎవరు పడతారో ప్రొద్దుటూరు శెట్లు చూస్తారు. ఆ ఏడు తమ ఇళ్ళల్లో జరగబోయే పెళ్ళిళ్ళకు వంటవాళ్ళను అక్కడే మాట్లాడుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ గరిటె మద్దిలేటిదే. ఇప్పుడు అతని మోకాళ్ళు మొరాయించాయి. ఈసారి ఇంకొకరు పట్టాలి. ఆ ఇంకొకరు తానే కావాలని ఓబులేసు కోరిక. నేరుగా స్వామినే అడిగాడు.

"శనివారం వండు, చూద్దాం" అన్నాడు స్వామి.

శనివారం గుడికి జనం ఎక్కువ. ఓబులేసు గాడిపొయ్యి మీద పెద్ద గుండిగ పెట్టి గోంగూర పప్పు వండాడు. ఆరగింపు అయింది. మొదటి బంతి కూర్చుంది. వాళ్ళతోపాటు తనూ కూర్చుని తిన్నాడు. పప్పు అమృతంలాగుంది. పక్కనున్న రైతు వేళ్ళు నాకుతూ, ఎవరప్పా చేసింది అని అడిగాడు. ఓబులేసు ఏమీ ఎరగనట్టు తల వంచుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాడు. చెయ్యి కడుక్కుని మంటపంలో నడుం వాల్చాడు.

ఎండ వాలినాక లేచి వచ్చేసరికి మద్దిలేటి వంటశాల గడప మీద కూర్చుని ఉన్నాడు. జనం పప్పు వదిలేశారని చెప్పాడు. ఉప్పు కషాయమంట. ఆవులు కూడా విస్తళ్ళు మూచూసి వదిలేస్తున్నాయంట.

ఓబులేసు నమ్మలేదు. తను తిన్నాడు గదా. స్వామి దగ్గరికి పోయి, ఉప్పు మారిందన్నాడు. పాత బస్తా అయిపోయింది, ఈ కొత్త కల్లుప్పు ఘాటెక్కువ, కొలత దానికి కుదరలేదు అన్నాడు.

స్వామి సరేనన్నాడు. మరుసటి శనివారానికి పాత ఉప్పు తెప్పించాడు.

మళ్ళీ అదే కథ. ఈసారి తప్పు కట్టెలదైంది. పచ్చి కట్టెలు, మంట నిలకడగా లేదు. స్వామి ఎండుకట్టెలు వేయించాడు. ఆ పై శనివారమూ పప్పు మిగిలింది. ఓబులేసు చాలాసేపు ఆలోచించి, తను లేనప్పుడు మద్దిలేటి గుండిగలో చెయ్యి పెడుతున్నాడేమో అన్నాడు. గరిటె పోతుందన్న బాధ ఎవరికైనా ఉంటుంది గదా అని కూడా అన్నాడు.

మద్దిలేటి అక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు. పై శనివారం స్వామి అతన్ని పొద్దున్నే గోశాలకు పంపించాడు. చీకటి పడేదాకా అతను వంటశాల వైపు రాలేదు.

ఆ రోజు కూడా పప్పు మిగిలింది.

సాయంత్రం స్వామి వంటశాలలోకి వచ్చాడు. ఉప్పు బస్తాను చేత్తో తట్టాడు. కట్టెలను కాలితో కదిలించాడు. మద్దిలేటి కూర్చునే పీటను చూశాడు. చివరికి ఓబులేసు ముందు నిలబడ్డాడు.

"ఇంగేం మార్చల్ల నాయనా?"



స్వామి గోడకు వేలాడుతున్న వెదురుగంప తీసి అతని చేతుల్లో పెట్టాడు. ఎంగిలి విస్తళ్ళు ఎత్తే గంప అది.

"గరిటె నీదే. గంప గూడా నీదే" అన్నాడు.

ఓబులేసుకు తలకొట్టేసినట్టయింది. కొండ దిగి నంద్యాలకు పోతే ఏ హోటల్లోనైనా చేర్చుకుంటారు. నడుముకు డబ్బు ఎట్లాగూ ఉంది. ఉండిపోతే మట్టుకు ఒక ఆశ ఉంది. గరిటె తీసేసుకోలేదు గదా అనుకున్నాడు.

తర్వాతి శనివారం వండాడు. మొదటి బంతిలో తినలేదు, ఎంగిలాకులు ఎత్తాల్సినవాడికి తిండి ఎట్లా సహిస్తుంది. బంతి లేవగానే గంప పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుని ఎత్తడం మొదలుపెట్టాడు. ముఖం తిప్పుకున్నా లెక్కల కన్ను ఊరుకోదు. ఎత్తిన విస్తళ్ళలో పప్పు మిగిలింది ఒక్కటీ లేదు. అన్నీ నాకినట్టున్నాయి.

రెండో బంతిలో అక్కడక్కడా అంచున పప్పు కనిపించింది. తర్వాతి బంతిలో సగానికి సగం విస్తళ్ళల్లో కనిపించింది. ముఖం ఇటు తిప్పి చూశాడు. కడబంతి లేచేసరికి ప్రతి విస్తట్లోనూ పప్పు ముద్ద ముద్దగా ఉంది. అన్నం తిన్నారు, మజ్జిగ పోసుకున్నారు, పప్పును వేలితో పక్కకు నెట్టేశారు.

అదే గుండిగ. అదే ఉప్పు. అదే చెయ్యి.

గంప కింద పెట్టి గుండిగ దగ్గరికి పోయాడు. కింద నిప్పులు ఇంకా కణకణలాడుతున్నాయి. పొద్దున గరిటెజారుగా ఉన్న పప్పు ఇప్పుడు నీరంతా ఇగిరి, తెడ్డు గుచ్చితే నిలబడేట్టుంది. ఒక విస్తరి వేసుకుని, కడబంతి లేచిపోయిన చోట ఒక్కడే కూర్చున్నాడు. తన పప్పు తాను వడ్డించుకున్నాడు. కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

మింగలేకపోయాడు.

కడబంతిలో కూర్చునేదెవరో అప్పుడు గుర్తొచ్చింది. దూరపు ఊళ్ళ నుంచి నడిచి వచ్చేవాళ్ళు, మెట్లు నిదానంగా ఎక్కే ముసలివాళ్ళు, చంకలో బిడ్డలతో వచ్చే తల్లులు. వాళ్ళ పక్కన ప్రతిరోజూ బయ్యన్న స్వామి కూర్చుంటాడు. ఉపవాసాల మనిషి, అందుకే ఆలస్యంగా తింటాడని ఓబులేసు ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తను చెడగొట్టిన పప్పు అన్ని శనివారాలూ ఆయన తిన్నాడు.

ఆ సాయంత్రం ముందు గోశాలకు పోయాడు. మద్దిలేటి దూడకు గడ్డి వేస్తున్నాడు. నీ మీద లేనిపోని మాట అన్నాను అన్నాడు ఓబులేసు. తర్వాత, బంతికీ బంతికీ నడుమ ఏం చేస్తావో చెప్పమన్నాడు.

"అన్నమాట సంగతి ఉండనీలే. ఈ ముక్క అడగడానికి ఇన్నాళ్ళు పట్టిందేమప్పా?" అన్నాడు మద్దిలేటి. అని, గడ్డి పక్కన పెట్టి అంతా చెప్పాడు. నిప్పులు ఎప్పుడు లాగాలో, పక్కన మరుగునీళ్ళు ఎందుకు ఉంచుకోవాలో, ఉప్పు ఎంత ముందు వేసి ఎంత దాచుకోవాలో.

మరునాడు మధ్యాహ్నం కడబంతి కూర్చున్నప్పుడు ఓబులేసు వచ్చి స్వామి ఎదుట నిలబడ్డాడు.

"ఉప్పు కాదు, కట్టెలు కాదు, మద్దిలేటన్న కాదు. నేను ముందు తిని పడుకున్నాను స్వామీ."

స్వామి తన విస్తరిని కొంచెం ఇవతలికి జరిపి పక్కన చోటు చేశాడు.

అప్పటినుంచి ఓబులేసు అక్కడే తిన్నాడు. గంప కూడా వదల్లేదు. విస్తళ్ళు చూసి తెలుసుకున్నవి చాలా ఉన్నాయి. ఎండలో నడిచి వచ్చినవాడు ఉప్పు కోరతాడు. బాలింత పులుపు వదిలేస్తుంది. వాన రోజున మజ్జిగ మిగులుతుంది. రాత్రిళ్ళు మంటపంలో పడుకుని లెక్కలు వేసేవాడు, ఇప్పుడు అవి వేరే లెక్కలు.

తిరునాళ్ళ దగ్గరపడ్డాక ఒక ఆలోచనతో వంటశాలకు వచ్చాడు. పెద్ద గుండిగ ఒక్కటే వద్దు, చిన్నవి వరసగా పెడదాం, ఒక్కో బంతి కూర్చునే వేళకు ఒక్కోటి దిగేట్టు వెనకా ముందుగా ముట్టిద్దాం అన్నాడు. మద్దిలేటి ఒప్పుకోలేదు. ఎన్నడూ లేని పని, ఒక్క గుండిగ అటూ ఇటూ అయితే బంతి మొత్తం ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చుంటుందన్నాడు. స్వామి ఇద్దరి మాటా విన్నాడు.

"లెక్క బాగుండాది. నిప్పుకు చెప్పినావా?" అని పెద్ద గరిటె తీసి ఓబులేసుకు ఇచ్చాడు.

తిరునాళ్ళ నాడు కొండ కనపడలేదు, జనమే కనపడ్డారు. తాటాకు పందిళ్ళ కింద బంతులు సాగాయి. ఓబులేసు లెక్క ఒక్కొక్కటే నిజమవుతూ వచ్చింది. ఒక బంతి లేస్తుంటే ఇంకో గుండిగ పొగలు కక్కుతూ దిగుతోంది. మద్దిలేటి పీట మీద కూర్చుని చూస్తూ చూస్తూ, వడ్డించేవాళ్ళను తొందరపెట్టడానికి లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ సంగతి మర్చిపోయాడు.

కడబంతి కూర్చుంటుండగా గాలి తిరిగింది. మంటలు ఒక్కసారిగా ఎగిశాయి. చివరి గుండిగ నుంచి మాడు వాసన. అక్కడ తెడ్డు తిప్పాల్సిన మనిషి ఊరివాళ్ళతో మాటల్లో పడ్డాడు. అడుగు కలపకుండా పైపైన తోడేస్తే పని జరిగిపోతుందని ఎవరో అన్నారు. అదే సమయానికి ప్రొద్దుటూరు పుల్లయ్య శెట్టి, మొదటి బంతిలో తిన్నవాడు, వంటవాడితో మాట్లాడాలని వచ్చి నిలబడి ఉన్నాడు.

ఓబులేసు ఆయనకు దండం పెట్టి, కాసేపు కూర్చోమన్నాడు. గుండిగ దించేయించి, దాచి ఉంచిన పప్పుతో ఇంకోటి ఎక్కించాడు. తెడ్డు తానే అందుకుంటూ మద్దిలేటిని పిలిచాడు. మద్దిలేటి ఆ తెడ్డు లాక్కుని, పోయి జనానికి చెప్పు అన్నాడు.

ఓబులేసు బంతి మధ్యకు వచ్చాడు.

"పప్పు మాడింది. నేను చూసుకోలేదు. వేరేది ఉడుకుతోంది, కొంచెం ఓపిక పట్టండి."

జనం గొణిగారు. ఎవరో పెద్దాయన తలపాగా సర్దుకుని అన్నాడు. "మాడింది పెట్టినోళ్ళను శానామందిని చూసినా. మాడిందని చెప్పినోన్ని ఇప్పుడే చూస్తాండా."

బంతి బంతంతా నవ్వింది. పప్పు దిగేదాకా ఒక్కరూ లేవలేదు.

చివరికి ఓబులేసు స్వామి పక్కన కూర్చుని తిన్నాడు. మొదటి శనివారం మొదటి బంతిలో తిన్న రుచి, అచ్చంగా అదే, ఇప్పుడు కడబంతి విస్తట్లో ఉంది. స్వామి రెండోసారి పప్పు అడిగాడు. మద్దిలేటి వడ్డిస్తూ, ఈ మాట ఎవరితోనూ అనేది లేదన్నట్టు మెల్లగా, నాకంటే బాగా చేసినావురా అన్నాడు.

బంతి లేచింది. శెట్టి ఇంక ఆగలేకపోయాడు. తన చిన్నకూతురి పెళ్ళి శ్రావణంలో ఉందని, మూడు రోజుల వంటలూ ఓబులేసే చేయాలని, జట్టును ఎంచుకోవడం అతని ఇష్టమేనని చెప్పాడు. ఇప్పుడే మాట ఇచ్చేస్తే తాను కొండ దిగుతానన్నాడు. దారిలో వేసుకున్న లెక్క ఎదురుగా వచ్చి నిలబడింది.

ఓబులేసు గంప చంకన పెట్టుకుని వింటున్నాడు. చూపు మాత్రం బంతి మీదుంది. విస్తళ్ళన్నీ నాకినట్టున్నాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా, అన్నీ.

ఒక్కటి తప్ప. స్తంభం పక్కన ఒక విస్తట్లో చిన్న పప్పు ముద్ద ఉంది. ఎవరికీ కనపడకుండా దాని మీద నాలుగు మెతుకులు కప్పి ఉన్నాయి.

ఓబులేసు చుట్టూ చూశాడు. ఆ స్తంభం పక్కన కూర్చున్న అవ్వ తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుని కొంగుకు తుడుచుకుంటోంది. మూట భుజాన వేసుకుని మెట్ల వైపు మళ్ళుతోంది.

"ఒక్క నిమిషం శెట్టిగారూ" అన్నాడు.

శెట్టి తెల్లబోయి స్వామి వైపు చూశాడు.

"ఉండప్పా" అన్నాడు స్వామి. "బడికి పోయొస్తాడు."

అప్పటికే ఓబులేసు ఆ విస్తరిని రెండు చేతులా ఎత్తుకున్నాడు. అవ్వ మొదటి మెట్టు దిగకముందే అందుకుని, ఎందుకు వదిలిందో అడగాలని అడుగు వేశాడు.