రాజుగారి తల నెరిసేదాకా

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. అందుకే నేను చెబుతున్నాను.

ఒక రాజు పడుచువాడిగా ఉన్నప్పుడు, చిన్నతనంలో కోట తోటలో తనకు జామపళ్ళు కోసి తినిపించిన తోటమాలి నాంచారికి ఆ తోటే ఇచ్చేశాడు. "నా తల నెరిసేదాకా ఇది నీదే" అని నిండుసభలో మాటిచ్చాడు.

ఏళ్ళు గడిచి రాజు తల నెరిసింది. అది ఒప్పుకోలేక, "నెరిసిన" అన్న మాట ఏ కావ్యంలోనూ కనబడకూడదని కవులను కట్టడి చేశాడు. పాపం, ముసలి మునుల గడ్డాలు కూడా కావ్యాల్లో నల్లబడిపోయాయి.

ఒకనాడు ఆ తోటలో గుర్రాలశాల కట్టాలనిపించి, రాజు నాంచారిని పిలిపించాడు.

"గడువు తీరింది అవ్వా. తోట ఖాళీ చెయ్యి."

ఆ చెట్లన్నీ నాంచారి నీళ్ళు మోసి పెంచినవే. అయినా నెమ్మదిగానే అంది.

"అలాగే ప్రభూ. గడువు ఎలా తీరిందో ఆస్థానకవిగారి చేత ఒక్క పద్యంలో చెప్పించండి. వెళ్ళిపోతాను."

కవి రాజు వంక బెదురుగా చూసి, "తుమ్మెదల్లాంటి కురులు..." అని నసిగాడు.

"అయితే ఇంకా గడువుందన్నమాట" అంది నాంచారి. "ఆ కురులు నూరేళ్ళూ అలాగే ఉండాలి నాయనా."

రాజుకు నవ్వు ఆగలేదు. కిరీటం తీసి, తెల్లజుట్టు నిమురుకుంటూ, "నెరిసిందనే రాయవయ్యా కవీ" అన్నాడు.

నాంచారి ముఖం వాడిపోయింది.

"దిగులెందుకవ్వా? ఈ జుట్టు మళ్ళీ నల్లబడేదాకా తోట నీదే. పళ్ళు మాత్రం పంపుతూ ఉండు."

ఈ కథ మీరూ ఇంకెవరికైనా చెప్పండి. రాజు చివర్లో నవ్వాడన్నది మాత్రం వదిలెయ్యకండి, ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది.