పొలిమేర దాటిన పిండిదొర

కుంకుళ్ళమెట్టలో పోలిరాజు, ముత్యాలు, బుల్లియ్య అని ముగ్గురన్నదమ్ములున్నారు. జిల్లా మొత్తం మీద బుర్రలున్నది తమకేనని వాళ్ళకి గట్టి నమ్మకం. "చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అదీ మా గొప్ప" అని పెద్దాడు పోలిరాజు రోజూ మీసం దువ్వుకుంటూ అంటాడు. ఓసారి రోడ్డు పక్కన "ఇక్కడ బస్సు ఆగును" అన్న బోర్డు చూశారు. అంతే, దాన్ని పీకి తెచ్చి తమ గుమ్మం ముందు పాతుకున్నారు. సంచులు సర్దుకుని అరుగు మీద కూర్చుని, బస్సు రాలేదని డ్రైవర్ని తిట్టిపోశారు.

ఇలాంటి పోలిరాజుని ఆ ఊరు సర్పంచిని చేసుకుంది. చేసుకోదూ మరి! ఊరంతా వాళ్ళ చుట్టాలే. ఆ ఊరికీ మా ఊరికీ మధ్య ఒక్క పొలిమేర రాయే అడ్డం. రాయికి అటు వాళ్ళిల్లు, ఇటు మా చేలు. ఆ రాయిని చూసినప్పుడల్లా నాకు దండం పెట్టుకోవాలనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్ళయిందని ప్రతి ఊళ్ళోనూ పండగ చెయ్యమన్నారు. ఊరి చరిత్రకి చిన్న మ్యూజియం పెట్టాలి, ఆనాటి సంగతులు జరిగిన చోట్లన్నీ కలుపుతూ ఒక నడకదారి వెయ్యాలి. జిల్లా నుంచి సదాశివంగారనే ఆఫీసరు వచ్చి ఈ మాట చెప్పాడు.

కుంకుళ్ళమెట్టకీ ఒక చరిత్ర ఉంది లెండి, వీళ్ళ వల్ల కాదు. వీరన్నగారని ఒకాయన జెండా పట్టుకుని తిరిగాడు. తెల్లదొరకి ఒళ్ళు మండి, పోలీసులచేత తరిమించి, కొట్టించి, ఊళ్ళో పాత ఠాణా కొట్లో పడేయించాడు. ఆయన కూతురు సూరమ్మ ఇంకా ఉంది, కర్ర పోటేసుకుని నడుస్తుంది. "నాన్న పేరు ఆ ఠాణా గోడ మీద కళ్ళారా చూస్తే చాలు బాబూ, ఇంకేం అక్కర్లేదు నాకు" అని ఆఫీసరు చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆయన కరిగిపోయాడు. ఆగస్టు పదిహేనున పేరు చెక్కిన ఇత్తడి పలక తెచ్చి స్వయంగా బిగిస్తానని మాటిచ్చాడు. అక్కడితో ఆగితే బాగుండేది. నడకదారి పని పోలిరాజుకి అప్పజెప్పాడు.

"ఆనాడు ఎలా ఉందో అలాగే ఉండాలయ్యా. వీరన్నగారు పడ్డ కష్టం ఆ దారిలో నడిచే ప్రతివాడికీ అనుభవంలోకి రావాలి. ఏదీ వదలొద్దు" అన్నాడు.

"వదుల్తామాండీ!" అన్నాడు పోలిరాజు.

ఇంకేముంది! సూరమ్మ ఇన్నేళ్ళూ ఉతికి మడతపెట్టి దాచుకున్న తండ్రి కండువాని మ్యూజియంకని పట్టుకెళ్ళి బురదలో ముంచారు. ఆయన పట్టుబడ్డప్పుడు కండువాకి బురదే ఉందిట! ముసలమ్మ లబోదిబోమంది. "ఊరుకో మామ్మా. నువ్వు ఉతికి ఉతికి చరిత్ర పాడుచేశావు, మేం బాగుచేశాం" అన్నాడు ముత్యాలు. కొట్లో ఆయన్ని నల్లులు కుట్టాయని ఎవరో అన్నారు. ఇప్పుడు నల్లులెక్కడ దొరుకుతాయి? బుల్లియ్య పట్నం వెళ్ళి, ఓ పాత సినిమా హాల్లో వరసగా ఆటలన్నీ చూసి, కుర్చీల సందుల్లోంచి నల్లుల్ని అగ్గిపెట్టెలోకి ఏరుకొచ్చి కొట్లో వదిలాడు. ఎంత ప్రయోజకుడండీ!

ఆగస్టు పదిహేను వచ్చింది. సదాశివంగారు ఇస్త్రీ ఖద్దరు తొడుక్కుని, పలక చంకలో పెట్టుకుని దిగాడు. సూరమ్మచేత జెండా ఎగరేయించాడు. "ఏదీ, దారి చూపించండి" అన్నాడు హుషారుగా.

వీరన్నగారి పెరటి గోడ దగ్గర మొదలు. "ఇక్కడ ఆయన గోడ దూకారండి. దూకండి" అన్నాడు పోలిరాజు. ఆఫీసరు నవ్వాడు. వాళ్ళు నవ్వలేదు. ముగ్గురూ కలిసి ఆయన్ని గోడ మీదికెత్తి అవతలికి వదిలేశారు. లేచేలోగా చెప్పులు లాగేశారు, వీరన్నగారికి చెప్పుల్లేవుట. తర్వాత వరిచేలో బోర్లా పడుకోబెట్టారు.

"ఎంతసేపయ్యా ఇలాగ?"

"పోలీసులొచ్చేదాకానండి."

పోలీసులంటే మన ముత్యాలే. ఖాకీ నిక్కరేసుకుని, లాఠీ పట్టుకుని వచ్చాడు. "ఏమీ అనుకోకండి సార్, తమరంటే నాకు చాలా గౌరవం" అంటూ వీపు మీద ఒక్కటిచ్చుకున్నాడు.

"ఓరి నాయనోయ్! చచ్చాన్రోయ్!"

"చూశావా తమ్ముడూ, అనుభవంలోకి వస్తోంది!" అని మురిసిపోయాడు పోలిరాజు.

అక్కణ్ణుంచి ఆయన్ని రెక్కలు పట్టుకుని ఈడ్చుకెళ్ళి ఠాణా కొట్లోకి తోసి తాళమేశారు. తాళంచెవి పోలిరాజు మొలతాడుకి కట్టుకున్నాడు. లోపల నల్లులు పని మొదలుపెట్టాయి.

"తలుపు తియ్యండ్రా! పలకా లేదు, గిలకా లేదు! ఈ కొట్టు రేపే పడగొట్టించేస్తాను!" అని ఆఫీసరు లోపల్నుంచి గోలపెట్టాడు.

ఆ మాటకి సూరమ్మ అన్నదమ్ములకి అడ్డంపడింది. "ఒరేయ్, మీకు దణ్ణం పెడతాను, ఆయన్ని వదలండ్రా. కోపగించుకుని వెళ్ళిపోతే నాన్న పేరు ఎవరు పెడతార్రా?"

"వదుల్తాం మామ్మా, మేమేమన్నా దుర్మార్గులమా? మీ నాన్నని ఎప్పుడు వదిలారో చెప్పు, అప్పుడే వదుల్తాం" అన్నాడు పోలిరాజు.

"దొర గుర్రమెక్కి పొలిమేర దాటి వెళ్ళిపోయాక వదిలారు. అయితే ఏంట్రా?"

"అయితే దొర వెళ్ళాలి."

"దొర ఎప్పుడో పోయాడు కదరా!"

"అది ఈయన లోపలికి వెళ్ళకముందు మామ్మా. అది లెక్కలోకి రాదు."

మరి ఊళ్ళో తెల్లదొర ఎక్కడ దొరుకుతాడు? ముగ్గురూ తలలు పట్టుకున్నారు. అంతే, పోలిరాజు చొక్కా విప్పేశాడు. వచ్చినవాళ్ళకి పిండివంటలకని ఆడించిన బియ్యప్పిండి తెచ్చి అతగాడికి నెత్తి నుంచి పాదాల దాకా పూసేశారు. గుర్రం లేదు గనక గేదె మీదికెక్కించారు. కోళ్ళన్నీ పిండి ఏరుకుంటూ వెంటపడ్డాయి. పిండిదొర ఠీవిగా పొలిమేర రాయి దాటి మా చేల గట్టు మీద దిగాడు. నేను అక్కడే కలుపు తీయిస్తున్నాను, ఈ వేషం చూసి కూలీలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"దొర పోయాడు! దొర పోయాడు!" అని తమ్ముళ్ళు గంతులేశారు. తీరా చూస్తే తాళంచెవి దొర మొల్లో ఉంది.

"అన్నయ్యా, తాళంచెవి ఇటు పడెయ్!"

"దొరని పట్టుకుని అన్నయ్యా అంటావట్రా? అయినా అడగ్గానే ఇచ్చేస్తే అది స్వాతంత్ర్యం ఎలా అవుతుంది? పోరాడండి!"

"పోనీ నువ్వే వెనక్కి రా!"

"పోయిన దొర ఎక్కడన్నా తిరిగొచ్చాడట్రా? చరిత్ర తెలీని వెధవల్లారా!"

నిజమే కదా అనుకుని తమ్ముళ్ళిద్దరూ రాయికి అవతల నిరాహారదీక్షకి కూర్చున్నారు.

ఇహ వీళ్ళతో లాభం లేదనుకుంది సూరమ్మ. తాళం జోలికి పోలేదు. తలుపుకి తుప్పుపట్టిన మడతబందుల వైపు కర్ర దూర్చి ఒక్క పోటు పొడిచింది. తలుపు ఊడిపడింది. ఒళ్ళంతా బురద, దద్దుర్లతో ఆఫీసరు బయటికొచ్చాడు. "నా మొహం చూసి క్షమించు నాయనా" అంది ముసలమ్మ. ఆయన ఆవిడ మొహం చూశాడు. తిట్లన్నీ మింగేసి, పలక గోడకి బిగించాడు. సూరమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుని తండ్రి పేరు చదువుకుని, పలకని కళ్ళకద్దుకుంది.

ఆఫీసరు జీపెక్కి వెళ్తూ పొలిమేర దగ్గర ఆగి ఈ దీక్షాపరుల మీద విరుచుకుపడ్డాడు. "ఆ పలక మీద ఒక్క వాన చినుకు పడకూడదు! ఎవడి చెయ్యీ తగలకూడదు! తగిలిందా, మిమ్మల్ని నిజం ఠాణాలో వేయిస్తాను!"

ఇంకేముంది! మర్నాడు సూరమ్మ వెళ్ళేసరికి గోడ నున్నగా ఉంది. పలక మీద మందంగా సిమెంటు మెత్తేశారు.

"నాన్న పేరేదిరా?"

"లోపల భద్రంగా ఉంది మామ్మా. చెయ్యి కాదుగదా, ఇహ ఎవడి కన్నూ పడదు" అన్నాడు బుల్లియ్య తాపీ ఊపుతూ.

ముసలమ్మ అక్కడే కూలబడింది. ఆవిడ వెంట వెళ్ళిన నాకు వాళ్ళని చూస్తే ఒళ్ళు రగిలిపోయింది. కాసేపటికి ఆవిడే లేచింది. తడి సిమెంటు మీద వేలితో పెద్దగా "వీరన్న" అని రాసేసింది.

"అయ్యయ్యో, చెయ్యి తగలకూడదు!" అని బుల్లియ్య తాపీతో చెరపబోయాడు.

"మరి నీ చెయ్యి తగలొచ్చట్రా?" అంది సూరమ్మ.

తాపీ గాల్లోనే ఆగిపోయింది. బుల్లియ్య ముత్యాల్ని చూశాడు, ముత్యాలు బుల్లియ్యని చూశాడు. తగలకూడదు కదా మరి! అలా చూసుకుంటూ ఉండగానే ఎండకి సిమెంటు గట్టిపడింది. పేరు ఇప్పటికీ ఉంది, వంకరటింకరగా, రోడ్డు మీదికే కనపడేటంత పెద్దగా.

పోలిరాజు మాత్రం మా గట్టు మీదే ఉండిపోయాడు. పిండి రాలిపోయింది గానీ దొరతనం రాల్లేదు. పెళ్ళాం రమ్మని మొత్తుకున్నా రాయి దాటనంటాడు. వాడికి అన్నం మోయలేక తమ్ముళ్ళు తెగ ఆలోచించారుట. ఈ పొద్దున నేను చేలోకి వెళ్ళి చూద్దును కదా, పొలిమేర రాయి లేదు! దాన్ని పీకి తీసుకెళ్ళి వాళ్ళింటికి అవతలి పక్క పాతేశారు.

పోలిరాజు దర్జాగా తన అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రండి వదినగారూ! రాయి దాటకుండానే ఇంటికొచ్చేశాను. ఇహ నుంచి మేమూ మీ ఊరివాళ్ళమే. ఇన్నాళ్ళకి మీ ఊళ్ళోనూ తెలివైనవాళ్ళు పడ్డారు" అన్నాడు.