ముళ్ళు లేని వాచీ

అనగనగా, పొద్దు చెప్పడానికి గడియారాలకన్నా కోళ్ళే ఎక్కువున్న కాలంలో, ఉప్పుటేటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో గవరయ్య అని వాచీలు బాగుచేసే మనిషి ఉండేవాడు. తాటాకు కప్పు కింద ఒక చింకిచాప, ఒక రేకుపెట్టె, కంటికి పెట్టుకునే భూతద్దం, అంతే ఆయన దుకాణం. తల్లీతండ్రీ లేని ఆయన్ని మేనమామ పెంచాడు, పని నేర్పాడు, పోయేముందు తన చేతివాచీ విప్పి ఆయన చేతికి కట్టాడు. గవరయ్యకి ఆస్తీ అదే, చుట్టమూ అదే. రోజుకి మూడుసార్లు దాని ముఖం చూసుకునేవాడు. పొద్దున్నే కీ ఇస్తూ ఒకసారి, అన్నానికి కూర్చుంటూ ఒకసారి, దీపం పెట్టేవేళ ఒకసారి. చూసినప్పుడల్లా "నడుస్తోంది మావా" అనేవాడు.

దారేపోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకునేవాడు.

ఆ ఊరికీ ఉప్పుమడులకీ మధ్య ఏరు. సముద్రం పాటు వేళ నీళ్ళు తీస్తే జనం బురదలో నడిచి అవతలికెళ్ళి ఉప్పు తీసేవాళ్ళు. పోటు నీళ్ళు ఎక్కేలోపు ఇవతలికి వచ్చెయ్యాలి. ఆ పోటు చప్పుడు చెయ్యదు, మడచెట్ల చాటున పిల్లిలా వస్తుంది. అందుకే ఒడ్డున ఒక గంట కట్టారు. గంట కొట్టే కాటమయ్యకీ ఒక చేతివాచీ ఉండేది. ఏ రోజు పోటు ఎప్పుడో వాచీ చూసి లెక్కకట్టి, అంతకుముందే కొట్టేవాడు. ఆయన పోయాక గంటా, వాచీ కూతురు నూకాలికి వచ్చాయి.

ఒక మధ్యాహ్నం నూకాలు తడిసిన చీరతో, ఏడుస్తూ వచ్చి ఆ వాచీని గవరయ్య చాప మీద పెట్టింది.

"బాబాయ్, ఇయ్యాల గంట ఆలస్యంగా కొట్టేను. జనం మొలలోతు నీళ్ళలో పడి వచ్చేరు. సన్యాసమ్మ చంకలో బిడ్డతో కొట్టుకుపోబోయింది. చెవి దగ్గర పెడితే నడుస్తోంది, చూస్తే ముళ్ళు ఆగిపోయి ఉన్నాయి. రేపూ ఇలాగే అయితే ఎవరికేం చెప్పను?"

గవరయ్య మూత విప్పి భూతద్దం పెట్టాడు. ఉప్పుగాలికి డయలు పొక్కులు పొక్కులుగా లేచింది. ఆ పొక్కులకి తగులుకుని ముళ్ళు ఆగిపోతున్నాయి.

"గుండె బాగానే ఉందమ్మా. ముఖమే పాడైంది. డయలు మార్చాలి."

"మార్చు. కానీ పాతది పారెయ్యకు. మా నాన్న రోజూ చూసుకున్న ముఖం అది."

"పారెయ్యనులే."

మాటైతే ఇచ్చాడు గానీ, మనలో మాట, అప్పటికే ఆయన ప్రాణం ఉసూరుమంది. ఆ వాచీని ఆయనెరుగును. వెనకటికి ఓడ మీదొచ్చిన ఒక సరంగు దగ్గర మేనమామ రెండు వాచీలు కొన్నాడు. అచ్చం కవలలు. ఒకటి కాటమయ్యకిచ్చి, రెండోది తను కట్టుకున్నాడు. అలాంటి డయలు ఈ చుట్టుపక్కల ఇంకొక్కటే ఉంది.

తెలిసీ తెలియనట్టే రేకుపెట్టె తెరిచాడు. పాత డయళ్ళు చిన్నచిన్న చందమామల్లా పడుకుని ఉన్నాయి. ఒకటి తీసి పెట్టాడు. అంచు పెద్దది, కూర్చోలేదు. ఇంకొకటి పెట్టాడు. డయలు వెనక సన్నటి కాళ్ళు రెండుంటాయి, అవి కింద కన్నాల్లోకి దిగాలి. దిగలేదు. సరిపోయేది పెట్టెలో లేదు. చేతికి ఉంది.

ఏటి మీది ఎండ తాటాకు కప్పు మీద పడి ఊగుతోంది. అది చూస్తూ చూస్తూ ఆయన కళ్ళు బరువెక్కాయి. కలో నిజమో, మేనమామ ఎదురుగా చాప మీద కూర్చుని పంచె అంచుతో భూతద్దం తుడుచుకుంటున్నాడు.

"మావా, నీ ముఖం తీసి ఇచ్చెయ్యనా?"

"తీస్తే నడుస్తుందిట్రా?"

"నడుస్తుంది."

"మరింకేం?"

కళ్ళు తెరిచేసరికి చాప మీద ఎవరూ లేరు. గవరయ్య కళ్ళు తుడుచుకుని తన వాచీ విప్పాడు. మేనమామ డయలు నూకాలి వాచీలో టిక్కుమని కూర్చుంది. ముళ్ళు పెట్టి తిప్పి చూస్తే గీత తప్పకుండా తిరిగాయి. కాటమయ్య పొక్కుల డయలుని తన వాచీలో పెట్టుకున్నాడు. దాని మీద ముళ్ళు తిరగవు గనక వాటిని తీసేశాడు.

"అయ్యో బాబాయ్! నీ వాచీ ఏం చేసేవ్?" అంది వాచీ కోసం తిరిగొచ్చిన నూకాలు.

"పాతది పారెయ్యనని చెప్పానుగా," అన్నాడు.

మర్నాడు గంట వేళకి మోగింది. జనం ఏరు దాటి నడుచుకుంటూ వచ్చారు. సన్యాసమ్మ బిడ్డ తల్లి చంకలోనే నిద్రపోయాడు. ఆ తర్వాత ఒక్కనాడూ గంట తప్పలేదు.

గవరయ్య వాచీకి మాత్రం వేళ లేకుండా పోయింది. "టైమెంత గవరయ్యా?" అని ఆటపట్టించేవాళ్ళు. ఆయన మణికట్టు తీసి వాళ్ళ చెవి దగ్గర పెట్టేవాడు. "నడుస్తోంది" అనేవాడు. పెళ్ళికి తొందరపడే కుర్రాడు అడిగినా అంతే. మంచాన పడ్డ ముసలాడు అడిగినా అంతే. బిడ్డ పోయిన తల్లి అడిగినా అంతే. ఆ తల్లి చాలాసేపు చెవి తియ్యలేదట.

ఒక పొద్దున గవరయ్య వాచీకి కీ ఇచ్చి, చాప మీద వెనక్కి వాలి, మళ్ళీ లేవలేదు. ఊరంతా వచ్చి చుట్టూ కూర్చుంది. నూకాలు వంగి ఆయన మణికట్టుకి చెవి ఆనించింది. "నడుస్తోంది," అని భోరుమంది. అలా ఏడుస్తూనే తన చేతివాచీ చూసుకుంది. మేనమామ ముఖం మీద ముళ్ళు గంట కొట్టే వేళ చూపిస్తున్నాయి. ఏడుపు మధ్యలోనే లేచి వెళ్ళి గంట కొట్టి వచ్చింది. గవరయ్య వాచీని గంటస్తంభానికి కట్టి, బతికినన్నాళ్ళూ రోజూ కీ ఇచ్చింది. ఆమె తర్వాత ఆమె కూతురు ఇచ్చింది.

ఇప్పుడు ఏటి మీద వంతెన పడింది, గంటతో పనిలేదు. అయినా ఆ ఊళ్ళో తండ్రి వాచీ బిడ్డకిచ్చేటప్పుడు ఊరికే చేతికి కట్టరు. ముందు చెవి దగ్గర పెట్టి వినిపిస్తారు. అక్కడ ఎవర్నైనా టైమెంతని అడిగి చూడండి. ఎన్ని గంటలైందో ఆ తర్వాత చెబుతారు, ముందు "నడుస్తోంది" అంటారు.

కథ ఏరు దాటింది, మనం ఒడ్డెక్కాం.