వీపు చూపిన ఇత్తడి ఏనుగు

తుంగగిరి రాజ్యాన్ని వెనకటికి రణవిక్రముడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గానీ మర్యాదల పట్టింపు మహా ఎక్కువ. తన ఎదుట ఎవరైనా వీపు తిప్పితే శిక్ష తప్పేది కాదు. ఆయన కొలువులో వల్లభయ్య అని ఒక మాటకారి ఉండేవాడు.

రాజుగారి పుట్టినరోజున వీరాచారి అనే కంచరి ఒక మర ఏనుగును కానుకగా తెచ్చాడు. దూడంత ఎత్తు, ఇత్తడి ఒళ్లు, కాళ్లకింద చక్రాలు. రెండేళ్లు కూర్చుని చేశాడు.

"మర తిప్పితే చెవులు విసురుకుంటూ వస్తుంది ప్రభూ. తొండమెత్తి ఏలినవారి పాదాలమీద పన్నీరు చల్లుతుంది" అన్నాడు.

ఏనుగు కదిలింది. గద్దెకు నాలుగడుగుల దూరంలో తివాచీ అంచు ఒక చక్రానికి చుట్టుకుంది. అంతే, ఏనుగు గిర్రున తిరిగి, రాజుకు తోక చూపించి, ఎదుటనున్న సేనాపతి మీసాలమీద పన్నీరు చల్లింది.

ఎవరో కిసుక్కున నవ్వారు.

రాజు ముఖం జేవురించింది. "నిండుకొలువులో నాకే వీపు చూపిస్తుందా! ఇది చేసిన చేతులు నరికేయండి!"

వీరాచారి తన చేతులకేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

జరిగింది వల్లభయ్య చూశాడు. కానీ ఆ తివాచీ రాజు దగ్గరుండి పరిపించింది. దానిమీద నెపం వేస్తే అగ్గిమీద నెయ్యి పోసినట్టే. అయినా ఊరుకోలేక ముందుకు వచ్చాడు.

"మహారాజా, ముందు మీ అంగరక్షకులను శిక్షించాలి. గద్దె ముందు అటూ ఇటూ నిలబడ్డ ఆ నలుగురూ రోజంతా మీకు వీపు చూపిస్తూనే ఉన్నారు."

"అవివేకీ! వాళ్లది కాపలా!"

"ఏనుగుదీ అదే ప్రభూ. మిమ్మల్ని వెనక పెట్టుకుని సభకేసి తిరిగింది."

రాజు కళ్లు చిట్లించాడు. "అలాగా! అయితే నువ్వూ నాకు వీపు తిప్పి దాని పక్కన నిలబడు. నాకు నచ్చకపోతే ఆచారి చేతులతోపాటు నీ తలా పోతుంది."

వల్లభయ్య తిరిగి నిలబడ్డాడు. వెనక ఒరలోంచి కత్తి దూసిన చప్పుడైంది. ఎదుట సభికుల ముఖాలు పాలిపోయాయి. అడుగులు గద్దె దిగి దగ్గరికొచ్చాయి. అతని మెడమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అయినా తల తిప్పలేదు.

"ఏం వల్లభయ్యా, భయంగా లేదూ?"

"ఉంది మహారాజా. మీ ముఖం కనబడటం లేదు కదా! ఎదుట నిలబడి దణ్ణం పెట్టడం తేలిక. మీ చేతిలో కత్తి ఉండగా వీపు అప్పగించాలంటేనే మీమీద బోలెడు నమ్మకం ఉండాలి." ఏనుగు వీపుమీద చెయ్యి ఆనించాడు. "ఒకవేళ మీరు నవ్వుతుంటే కాస్త వినబడేలా నవ్వండి ప్రభూ. నా మోకాళ్లు ఇక ఆగవు."

రాజు పకపకా నవ్వాడు. కత్తి ఒరలో పెట్టి, తన బంగారు కంకణాలు తీసి వీరాచారి చేతులకు తొడిగాడు. వల్లభయ్య భుజాలమీద పట్టుశాలువా కప్పాడు.

"ఇక ఇటు తిరగవయ్యా!"

"తిరుగుతాను మహారాజా, ముందు కూర్చోనివ్వండి" అంటూ వల్లభయ్య ఆ ఏనుగుమీదే చతికిలబడ్డాడు. ఈసారి రాజుతోపాటు కొలువంతా నవ్వింది.