పులిగుండం కనుమలో పెద్ద ఎవరు?

చదును తక్కువ, కొండలు ఎక్కువగా ఉన్న ఒకానొక రాజ్యాన్ని ఉద్దండరాయలనే రాజు ఏలుతుండేవాడు. అక్కడ ఏ వాగు పొంగిందో, ఏ వంతెన తెగిందో దారుల కాపలావాళ్లు ఒకరికొకరు కేకేసి చెప్పుకునేవారు. విన్నవాడు పక్కవాడికి అందిస్తే, పొద్దుగూకేలోగా రాజ్యంలోని దారులన్నీ ప్రతి కాపలావాడికీ కళ్లకు కట్టినట్టు తెలిసిపోయేవి.

చిక్కల్లా రాజధాని చావడిలోనే. అన్ని దిక్కుల వార్తాహరులూ అక్కడే చేరేవారు. ప్రతివాడూ ప్రతివాడికీ చెప్పడం, విన్నదే మళ్లీ వినడం. దానికన్నా సంత నయం. రాయలు బాగా ఆలోచించి ఒక శాసనం చేశాడు.

"వార్త చెప్పుకునేచోట ముందుగా ఒక గడియ మౌనం. ఆపైన ఒక పెద్దను, ఒక ఉపపెద్దను ఎన్నుకోవాలి. అందరూ పెద్దకు చెప్పాలి, పెద్ద అందరికీ చెప్పాలి. పెద్ద పోతే ఉపపెద్ద ఆ చోటికి రావాలి. ముందొచ్చినవాడు పెద్దగా కుదిరాక, వెనక ఎంతటివాడు వచ్చినా అతన్ని దింపరాదు. పెద్ద తేలనిదే వార్త చెప్పరాదు."

చావడి వెంటనే సద్దుమణిగింది. నిజానికి మంచి శాసనమే. కాని అందరూ మంచిదని పొగిడేసరికి రాయలకు తల తిరిగింది. "ఒకే రాజ్యం, ఒకే శాసనం!" అని ఊరూరా రాళ్ల మీద చెక్కించాడు. రోజూ చూసుకుని మురవడానికి ఒక రాయి తన తోటలోనూ పాతించుకున్నాడు.

ఇక పులిగుండం కనుమ సంగతి. లోయకు ఈవల పోతులయ్య, ఆవల గురువప్ప కాపలా. మధ్యన తాళ్ల వంతెన. ఒకరి కేక రెండోవాడికి తప్ప మరెవరికీ వినపడదు. గురువప్ప చెల్లెలు ఓబుళమ్మ పోతులయ్య భార్య. శాసనం చేరిన రోజున ఇద్దరూ పెద్దను ఎన్నుకోబోయారు.

"పిల్లనిచ్చినవాళ్లం, నీకన్నా పైన కూర్చుంటామా? పెద్దరికం నీదే బావా!" అన్నాడు గురువప్ప.

"వయసులో పెద్దవాడివి. నీ ముందు నేనెంత? నీదే బావా!" అన్నాడు పోతులయ్య.

అలా తెల్లవారేది, అలా పొద్దుగూకేది. "క్షేమమా బావా?" "క్షేమమే బావా!" అన్న కేకలకు మాత్రం లోటు లేదు. ఈలోగా పోతులయ్య వైపు వంతెన తాడు ఒకటి తెగింది. పెద్ద తేలలేదు గనుక అతను చెప్పలేదు. తెలియని గురువప్ప తన వైపు దారిన వచ్చిన పల్లకీకి వంగి వంగి దండాలు పెట్టి వంతెన మీదికి సాగనంపాడు. బోయీలు అడుగు వేశారో లేదో వంతెన పక్కకు ఒరిగింది. బతుకు జీవుడా అని వెనక్కి దూకి, చుట్టుదారిన ముళ్లపొదల్లోంచి వానలో తడుస్తూ రాజధాని చేరారు.

పల్లకీలో ఉన్నది రాయలవారి అత్తగారు.

"అల్లుడుగారూ, మీ రాజ్యంలో పలకరింపులు బాగున్నాయి. వంతెనలే బాగాలేవు" అందావిడ, నిండు కొలువులో.

రాయలు మండిపడి, కాపలావాళ్లిద్దరినీ ఇంటిల్లిపాదితో, సామానుతో రాజధానికి రప్పించాడు. ఇద్దరు కాపలావాళ్లూ ఇల్లూ వాకిలీ వదిలి, మర్నాడు పొద్దుగూకేలోగా రాజ్యం దాటాలన్నాడు.

ఓబుళమ్మ పరుగున ఆస్థానంలో మాటకారి అయిన దోనయ ఇంటికి వచ్చింది. "బాబయ్యా, వీళ్ల మర్యాదలు నా కొంప ముంచాయి. పిల్లల్నేసుకుని ఎక్కడికి పోను?"

దోనయ అభయమైతే ఇచ్చాడు గాని లోపల దిగులుగానే ఉంది. పొద్దున కొలువులో నోరు తెరవబోతే రాయలు వేలు చూపించి, "కాపలావాళ్ల ఊసెత్తావంటే నీ బండి కూడా వాళ్ల బండి వెనకే కట్టిస్తా" అన్నాడు.

మధ్యాహ్నం తోటలో ఎప్పటిలాగే చదరంగం. దోనయ ముందే వచ్చి పావులు సర్ది కూర్చున్నాడు. గోడ అవతల కాపలావాళ్ల బండ్లకు సామాను ఎక్కిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. రాయలు వచ్చి కూర్చుని గుర్రాన్ని కదిపాడు. దోనయ పావు ముట్టుకోలేదు. రాజు తలపాగా వంక చూసి, కళ్లు పెద్దవి చేసి, లేచి వెనక్కి జరిగాడు.

"మహారాజా! కదలకండి! తమ తలపాగా మీద..." అని టక్కున నోరు మూసుకున్నాడు.

"ఏమిటయ్యా? తేలా?"

దోనయ చేతులు కట్టుకుని శాసనం రాయి వైపు చూపించాడు. "గడియ మౌనం ప్రభూ. పెద్ద తేలనిదే వార్త చెప్పరాదు."

"నేనే పెద్దను! రాజునయ్యా!"

"ముందొచ్చినవాడు పెద్ద. వెనక ఎంతటివాడు వచ్చినా దింపరాదు. తమ వాక్యమే."

రాయలు మెడ బిగించి, పెదవులు మాత్రం కదిపాడు. "సరే, నువ్వే పెద్దవి. చెప్పి చావు!"

"వార్త పెద్దకు చెప్పాలి ప్రభూ. నాకు నేనే చెప్పుకున్నాను."

"పెద్ద అందరికీ చెప్పాలిగా!"

"అందరూ ఏరీ? ఉన్నది తమరొక్కరు. తమరేమో ఉపపెద్ద. పెద్ద పోతే ఆ చోటికి రావాలి."

"నువ్వు పోయే గడియ దగ్గరపడింది దోనయా!"

"అప్పుడు తమరే పెద్ద. కాని నేను చూసినది నాతోనే పోతుంది."

రాయలకు చెమటలు కారాయి. చెవి దగ్గర ఏదో పాకినట్టయింది. ఇక ఆగలేక అరిచాడు: "ఇద్దరే ఉన్నచోట పెద్దేమిటి, ఉపపెద్దేమిటి! చూసినవాడు చెప్పాలి, రెండోవాడు వినాలి! అంతేగా!"

దోనయ రాజు కాళ్ల మీద పడ్డాడు. "అంతే ప్రభూ! ఈ ఒక్క మాటా పులిగుండం రాయి మీద ఉంటే అత్తగారు తడిసేవారు కారు. తలపాగా మీదున్నది గన్నేరు పువ్వు."

రాయలు చేయి పైకెత్తి తడిమి, పువ్వు తీశాడు. రాయలు పువ్వును చూశాడు, రాయిని చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఊసెత్తకుండానే ఎత్తావు కదయ్యా! మరి ఏటి మధ్య లంకల్లో ఉన్న కాపలావాళ్ల సంగతేమిటి? శాసనం చేరినప్పటినుంచి ప్రతి లంకవాడూ నేనే పెద్దనంటున్నాడట."

"ఏటి హోరులో కేక వినపడదు ప్రభూ. పక్క లంకలో మనిషున్నాడనే వాళ్లకు తెలియదు. ఫలానా లంకలో ఫలానావాడని పడవవాడికి పేర్లు చెప్పి పంపాలి. పడవలన్నీ ఆగే రేవులో ఉన్నవాణ్ణి పెద్దను చేయాలి. చావడికి మాత్రం తమ శాసనం బంగారం."

రాయలు గోడ మీదుగా తొంగి చూసి, తానే కేకేశాడు. "దిగండిరా! శిక్ష లేదు, పోయి తాడు కట్టుకోండి!"

ఓబుళమ్మ చంకలో పిల్లతోనే మట్టిలో కూలబడి భోరున ఏడ్చేసింది. బండి మీది బావలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ముందు నువ్వు దిగు బావా."

"ఎంత మాట, నువ్వు దిగు బావా."

"దిగుతారా, ఎద్దుల్ని అదిలించనా?" అని ఓబుళమ్మ ముల్లుకర్ర అందుకుంది. ఇద్దరూ ఒకేసారి దూకారు.

రాయలు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, చేతి కంకణం తీసి దోనయకు తొడిగాడు. ఆపైన దగ్గరకు లాగి, రాణివాసం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ కనుమలో కొత్త మాట చెక్కించు గాని, పాత రాయి తీసి పారేయకు. అత్తగారు మళ్లీ ఇక్కడికి బయలుదేరే ముందు కబురు చేస్తా. అప్పుడు మాత్రం వంతెన మూసి, తీరిగ్గా పెద్దను ఎన్నుకోమను."