పొగమంచులో మొదటి దెబ్బ

నాగూరయ్య మూడుసార్లు రాజీ కుదిర్చాడు. మూడుసార్లూ అది పట్టుమని నాలుగు రోజులు నిలవలేదు. ఇక తన వల్ల కాదని దర్గా అరుగు మీద గురువు పీరుసాహెబు ఎదుట కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆ దర్గా ఉప్పుసరస్సులో ఒక దిబ్బ మీద ఉంది. తూర్పుగట్టున ఒక జాలరిపాళెం, పడమటిగట్టున ఇంకొకటి. ఎప్పుడో వల చిరిగిన గొడవతో మొదలై, చివరికి రెండు గట్ల మీదా కాపలా డప్పులు పెట్టుకునేదాకా వచ్చింది. అవతల డప్పు మోగితే ఇవతల మోగాలి. మోగిందా, మగవాళ్లు ఈటెలు పట్టుకుని పడవలెక్కాలి. ఇప్పటికి మూడు పొద్దులు మోగాయి. ఇద్దరు పోయారు. పన్నెండు రోజులుగా ఎవరి వలా తడవలేదు, ఎవరింట్లోనూ పొయ్యి సరిగా వెలగలేదు.

నాగూరయ్య మంచివాడే. కాకపోతే ప్రతి గొడవ వెనకా ఒక దొంగ ఉంటాడనీ, వాణ్ని పట్టుకుంటే అంతా సర్దుకుంటుందనీ అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరూ కదిలించలేరు.

"మొదట డప్పు కొట్టిందెవరో తేలితే చాలు సామీ. తూర్పోళ్లని అడిగితే పడమటోళ్లంటారు. వాళ్లని అడిగితే వీళ్లంటారు. ఇద్దరి చేతా ఒట్టేయించా, వేశారు. ఎవడో ఒకడు అబద్ధమాడుతున్నాడు."

"ఇద్దరూ నిజమే చెప్పుంటారు," అన్నాడు పీరుసాహెబు.

"అదెట్లా? డప్పు దానంతటది మోగుద్దా?"

ముసలాయన సరస్సు మీదికి చూశాడు.

"మంచు పట్టిన పొద్దు ఏం కొంప మునుగుద్దోనని నేనే ముందు పడవేసుకుని పోతున్నా సామీ. అయినా ఆగడం లేదు. మా అక్కకొడుకు సింగారం ఈసారి తూర్పోళ్ల ముందు పడవలో ఉన్నాడు. పద్దెనిమిదేళ్లోడు. ఇంకోసారి మోగిందంటే వాడు మాకు దక్కడు."

"రేపు మంచు పట్టేట్టుంది. నేనూ వస్తా పద," అన్నాడు గురువు.

మర్నాడు తెల్లారింది గానీ చూపు ఆనలేదు. పడవ ముందుకొన మీద గురువుగారి ఆకుపచ్చ తలపాగా ఒక్కటే కనబడుతోంది. దాని కింద మనిషి లేడు. నీళ్లు చప్పుడు చెయ్యడం లేదు. ఒక్క పిట్టయినా కూయలేదు. తనది కాని ఊపిరేదో చెవి పక్కనే ఆడుతున్నట్టుంది నాగూరయ్యకి. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఏమీ లేదు.

సరస్సు నడిమికి వచ్చేసరికి గడకర్రకి బురద పట్టుకుంది. పడవ నడిపేవాళ్లంతా చేసే పనే అతనూ చేశాడు. కర్ర పైకి లాగి, బురద దులపడానికి పడవ అంచు మీద ఒక దెబ్బ వేశాడు.

టక్.

ఆ చప్పుడు మంచులోకి పోయింది. కాసేపటికి తూర్పున డప్పు ఒకటి పలికింది. వెంటనే పడమట ఇంకొకటి. తూర్పున రెండు, పడమట మూడు. మనిషి జాడ లేదు, ఒక్క కేక లేదు. రెండు డప్పులు మాత్రం ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి.

"మొదలెట్టారు సామీ, విన్నారా? మొదట తూర్పే..."

అక్కడే ఆగిపోయాడు. చేతిలో కర్ర వైపు చూశాడు. బురద ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతోంది.

డప్పులు మోగిన మూడు పొద్దులూ తను ఇక్కడే ఉన్నాడు. ఇదే కర్ర, ఇదే బురద.

"నేనా సామీ?"

"నువ్వూ," అన్నాడు పీరుసాహెబు. "నువ్వు కాకపోతే ఏ బాతో రెక్క కొట్టేది."

తూర్పుగట్టున ఇసుక మీంచి పడవలు నీళ్లలోకి జారుతున్న చప్పుడైంది. ముందు పడవలో సింగారం. నాగూరయ్య లేచి నిలబడి, నేనేరా అని అరవబోయాడు. గురువు అతని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు. అతని చేతిలోంచి కర్ర తీసుకుని పడవ అంచు మీద కొట్టడం మొదలుపెట్టాడు.

టకటక... టక్. టకటక... టక్.

చేపల్ని వలలోకి తోలడానికి జాలర్లు కొట్టే వరస అది. రెండు పాళేల్లో నడక రాని పిల్లలక్కూడా తెలుసు. ఆ సరస్సు మీద వినపడి పన్నెండు రోజులైంది.

తూర్పు డప్పు ఒక దెబ్బ తప్పింది. పడమటిది ఇంకో నాలుగు కొట్టి, జవాబు రాకపోయేసరికి తడబడి ఆగింది.

అప్పుడు, ఎవరూ ఉండకూడని చోట, మంచులో చాలా దగ్గరగా వినపడింది.

టకటక... టక్.

నాగూరయ్య అటు తిరిగాడు. వెనకవైపునుంచి ఇంకొకటి పలికింది. దాని అవతల ఇంకొకటి.

"ఎవరు సామీ? ఏ పాళెం వాళ్లు?"

గురువు చెయ్యి ఆపలేదు.

"ఆకలేసినవాళ్లు."

పడవ ఒకటి మంచులోంచి వచ్చి, వీళ్లని రాసుకున్నట్టే దాటిపోయింది. ఈటె పడవ అడుగున పడి ఉంది. సింగారం వంగి వల విప్పుతున్నాడు. మేనమామని చూడనే లేదు.

ఇంటికి మళ్లేటప్పుడు గురువు కర్ర తిరిగి ఇచ్చాడు. నాలుగు తోపులు తోసేసరికి దానికి మళ్లీ బురద పట్టింది. నాగూరయ్య కర్రని ఒళ్లో పెట్టుకుని, పై పంచెతో నెమ్మదిగా తుడిచాడు.